తపాలుకు గూళ్ళు: ఈ-మెయిలు విభజనలో యంత్రం వంతు, మన వంతు

కార్యాలయమన్న తరువాత తపాలు తప్పదు. తపాలు వచ్చిన తరువాత దానిని విభజించే పనీ తప్పదు. వ్యవహారమంతా కాగితం మీదనే నడిచిన కాలంలో ఈ పనికి ప్రత్యేకంగా ఒక సెక్షను ఉండేది. ఉదయం సంచి రాగానే కవర్లు కత్తిరించి, ప్రతి కాగితం మీద తేదీ ముద్ర వేసి, ఇన్వర్డు రిజిస్టరులో సంఖ్య ఎక్కించి, ఏ సెక్షనుకు చెందిన కాగితాన్ని ఆ సెక్షను గూటిలో ఉంచేవారు. కోర్టు నోటీసో, ఆడిట్ అభ్యంతరమో, పార్లమెంటు ప్రశ్నో వస్తే దానిని గూటిలో వేయక నేరుగా అధికారి బల్ల మీదకు చేర్చేవారు. ఆ గుమాస్తాకు ఉత్తరంలోని విషయమంతా తెలియనవసరం లేదు. ఏది ఆగగలదో, ఏది ఆగలేదో తెలిస్తే చాలును.

ఈ-మెయిలు వచ్చిన తరువాత ఉత్తరం తపాలు సెక్షనును దాటి నేరుగా మన బల్ల మీదకే వస్తున్నది. అంటే ప్రతి ఉద్యోగీ తన తపాలుకు తానే గుమాస్తా అయినాడు. సరఫరాదారుని బిల్లు, భద్రతా విభాగం హెచ్చరిక, శిక్షణ తరగతి ప్రకటన, క్యాంటీను కమిటీ సమావేశం, పుట్టినరోజు శుభాకాంక్షలు, యంత్రం తనంతట తాను పంపే హాజరు నివేదిక – ఇవన్నీ ఒకే వరుసలో, ఒకే అక్షరాలలో, ఒకే పరిమాణంలో మన ముందు నిలుస్తాయి. వారం రోజులు సెలవు మీద వెళ్ళి వచ్చిన వారికి ఆ వరుసను చూడగానే కలిగే బెంగ పాఠకులకు విదితమే.

ఈ భారాన్ని తగ్గించే సాధనం మన ఈ-మెయిలు ప్రోగ్రాములోనే ఉన్నది. దానిని కొన్నింటిలో రూల్ అనీ, కొన్నింటిలో ఫిల్టరు అనీ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘నియమం’ అని పిలుద్దాం. నియమాలను ఎట్లా ఏర్పరచుకోవాలో చెప్పడంతో పాటు, ఏ పనిని నియమానికి అప్పగించరాదో కూడా చెప్పడం మా ఉద్దేశం. రెండవదే ముఖ్యమైనదని మేము భావిస్తున్నాము.

విభజన మనకు కొత్త విద్య కాదు

మన దేశంలో ఉత్తరాల విభజనకు గొప్ప చరిత్ర ఉన్నది. రైల్వే మెయిల్ సర్వీసు ఉద్యోగులు రాత్రివేళ పరుగెత్తే రైలులో నిలబడి, ఊగే దీపం కింద ఉత్తరాలను గూళ్ళలో వేసేవారు. ఒకే పేరు గల ఊళ్ళు అనేకం, దేశంలోని భాషలు అనేకం, చేతిరాతలు అనేకం. ఈ చిక్కును తీర్చడానికి 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ అమలులోకి వచ్చింది. కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖలో ఉన్నతాధికారిగా పనిచేసిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ దీని రూపకర్త. ఆయన సంస్కృత కవి కూడా.

ఆ ఆరు అంకెలు ఒక చక్కని నియమావళి. మొదటి అంకె ప్రాంతాన్ని తెలుపుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు అది 5. మొదటి మూడు అంకెలూ కలిస్తే విభజన జిల్లా తెలుస్తుంది. 500 అనగానే ఉత్తరం హైదరాబాదు వైపు, 530 అనగానే విశాఖపట్నం వైపు సాగుతుంది. చివరి మూడు అంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని తెలుపుతాయి.

ఈ పద్ధతి నుంచి ఈ-మెయిలు వాడేవారు గ్రహించవలసిన పాఠాలు మూడు ఉన్నాయి. మొదటిది, విభజించేవాడు ఉత్తరం విప్పడు, పైన రాసిన దానిని బట్టే నడుస్తాడు. కనుక పైన సరిగా రాయడం పంపేవారి బాధ్యత. రెండవది, విభజన ఒక క్రమంలో జరుగుతుంది. ముందు పెద్ద భాగాలు, తరువాత చిన్నవి. మూడవది, చిరునామా తెలియని ఉత్తరాన్ని పారవేయరు. దానిని వేరుగా ఉంచి మనిషి చేత పరిశీలింపజేస్తారు. అందుకోసమే తపాలా శాఖలో రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు అనే ప్రత్యేక కార్యాలయం ఏర్పడింది.

జల్లెడ పుట్టుక

కంప్యూటర్ల వల మీద ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి ఈ-మెయిలు పంపే పద్ధతిని 1971లో అమెరికా ఇంజనీరు రే టామ్లిన్‌సన్ రూపొందించారు. పేరుకూ యంత్రానికీ మధ్య ‘ఎట్’ చిహ్నాన్ని ఉంచినది ఆయనే. ఏడేళ్ళు గడిచాయో లేదో, 1978 మే 3న ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి తమ సరుకు ప్రచారం కోసం ఒకే ఉత్తరాన్ని సుమారు 400 మందికి పంపారు. అడగని ఉత్తరాల బెడదకు అదే నాంది అని చెబుతారు. 1982లో అమెరికాలోని కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షులుగా ఉన్న పీటర్ డెన్నింగ్ ‘ఎలక్ట్రానిక్ చెత్త’ పేరుకుపోతున్నదని తమ సంఘ పత్రికలో రాశారు. పంపడం సులభమైన కొద్దీ చదవడం కష్టమవుతుందన్న సంగతి అప్పటికే పెద్దలకు తోచింది.

1987 నాటికి మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో థామస్ మలోన్, ఆయన సహచరులు ‘ఇన్ఫర్మేషన్ లెన్స్’ అనే ప్రయోగాత్మక వ్యవస్థను నిర్మించి, దాని వివరాలను ప్రచురించారు. ‘ఇటువంటి ఉత్తరం వస్తే ఇట్లా చేయుము’ అని సామాన్య ఉద్యోగి సైతం కంప్యూటరుకు చెప్పుకోగల వీలు అందులో ఉండేది. నేడు మనం వాడే నియమాలకు అది పూర్వరూపం. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. 2001లో సర్వర్ల మీద నియమాలు రాయడానికి ఒక ప్రామాణిక భాష వెలువడింది. దాని పేరు ‘సీవ్’, అంటే జల్లెడ.

పేరు సార్థకమైనదే. మన ఇళ్ళలో జల్లెడ ఉన్నది, చేట కూడా ఉన్నది. జల్లెడ కన్నాన్ని బట్టి పిండినీ రవ్వనూ వేరు చేస్తుంది. కానీ బియ్యంలో బియ్యపుగింజంత రాయి ఉంటే జల్లెడ దానిని పట్టదు. చేటలో పోసుకుని, కంటితో చూసి, వేలితో ఏరవలసిందే. ఈ-మెయిలు నియమం జల్లెడ వంటిది. రాళ్ళు ఏరే పని మనకు మిగిలే ఉంటుంది.

చట్టం దృష్టిలో ‘అందినట్టు’ అంటే

‘ఆ ఉత్తరం వేరే ఫోల్డరులోకి వెళ్ళిపోయింది, నేను చూడలేదు’ అన్న మాట కార్యాలయాలలో అప్పుడప్పుడు వినిపిస్తున్నది. ఈ మాటకు చట్టంలో ఎంత విలువ ఉన్నదో ఆలోచించవలసి ఉన్నది.

2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం 13వ సెక్షను ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఉభయుల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, ఉత్తరాలు స్వీకరించడానికి మనం ఒక చిరునామాను నిర్ణయించి ఉంటే, ఉత్తరం ఆ కంప్యూటర్ వ్యవస్థలో ప్రవేశించిన క్షణమే అది మనకు అందినట్టు. మనం విప్పి చదివిన క్షణం కాదు. ఏ ఫోల్డరులో పడినదన్న ప్రశ్న అక్కడ లేదు.

ఇందువల్ల కలిగే పరిణామాలు చిన్నవి కావు. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం దరఖాస్తుకు 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలో ఇవ్వాలి. తగిన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల వంతున 25,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఈ జరిమానా ప్రజా సమాచార అధికారికే పరిమితమని అనుకోరాదు. ఆయన ఎవరి సహాయం కోరారో ఆ అధికారిని కూడా ఈ సందర్భంలో సమాచార అధికారిగానే పరిగణించాలని 5వ సెక్షను చెబుతున్నది. ఆ సహాయం కోరే ఉత్తరం ఈ-మెయిలుగా వచ్చి, మనం ఎన్నడూ తెరవని ఫోల్డరులో పడి ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మరొక ఉదాహరణ తీసుకుందాం. చిన్న పరిశ్రమ నుంచి సరుకు కొంటే, ఒప్పందంలో ఏమి రాసుకున్నా, సరుకు అంగీకరించిన నాటి నుంచి 45 రోజులు మించకుండా సొమ్ము చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం నిర్దేశించింది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో చెల్లించాలి. సంస్థకు అది వడ్డీ నష్టం. అవతల పదిమంది కార్మికులను పెట్టుకుని షెడ్డు నడిపే యజమానికి అది జీతాల రోజున తలదించుకోవలసిన పరిస్థితి. ఆయన మూడుసార్లు పంపిన జ్ఞాపిక మన ‘సరఫరాదారులు’ ఫోల్డరులో చదవని ఉత్తరంగా మిగిలిపోతే, ఆ తప్పు నియమానిది కాదు. నియమం తనకు చెప్పిన పనే చేసింది.

కనుక మేము చెప్పదలచినది ఇది: నియమం ఉత్తరం ఎక్కడ ఉండాలో మాత్రమే నిర్ణయిస్తుంది. జవాబు చెప్పవలసిన బాధ్యతను అది మన నుంచి తీసుకోదు. ఈ సూత్రం గుర్తుంచుకుని నియమాలు ఏర్పరచుకుంటే అవి మేలు చేస్తాయి.

నియమానికి మూడు అంగాలు

ప్రతి నియమంలోనూ షరతు, చర్య, మినహాయింపు అనే మూడు అంగాలు ఉంటాయి. షరతు అంటే ఏ ఉత్తరాలకు వర్తిస్తుందన్నది. పంపినవారి చిరునామా, మనకు నేరుగా వచ్చినదా లేక నకలుగా వచ్చినదా అన్న వివరం, విషయపు పంక్తిలోని మాట, జతపరచిన కాగితాలు ఉన్నాయా లేదా అన్నది – వీటిలో దేనినైనా షరతుగా పెట్టవచ్చు. చర్య అంటే ఏమి చేయాలన్నది. ఫోల్డరులోకి తరలించడం, రంగు గుర్తు పెట్టడం, ముఖ్యమైనదిగా చూపడం, మరొకరికి పంపడం వంటివి. మినహాయింపు అంటే షరతు సరిపోయినా దేనిని వదిలిపెట్టాలన్నది.

జీమెయిల్ వాడేవారు పైనున్న వెతుకు పెట్టె కుడి అంచున ఉన్న గుర్తును నొక్కితే షరతులు రాసే గళ్ళు కనిపిస్తాయి. వాటిని నింపి ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కితే చర్యల పట్టిక వస్తుంది. కావలసినది టిక్కు పెట్టుకోవాలి. ‘స్కిప్ ది ఇన్‌బాక్స్’ అన్నది ఎంచుకుంటే ఉత్తరం ఇన్‌బాక్స్‌లో కనిపించదు. ‘అప్లై ది లేబుల్’ ఒక్కటే ఎంచుకుంటే ఇన్‌బాక్స్‌లోనే ఉండి చీటీ మాత్రం తగిలించుకుంటుంది. ఈ రెండింటి మధ్య తేడాను గ్రహించడం ఎంతో అవసరం. ఔట్‌లుక్ వాడేవారు ‘రూల్స్’ అన్న చోట ఇదే పని చేయవచ్చు.

సాధారణంగా నియమం ఇకముందు వచ్చే ఉత్తరాలకే వర్తిస్తుంది. పాత వాటికి కూడా వర్తించాలంటే ఆ సంగతి విడిగా చెప్పాలి.

ఆచరణకు ఐదు సూచనలు

1. మనుషులు రాసినవీ, యంత్రాలు పంపినవీ వేరు చేయండి. హాజరు నివేదిక, సెలవు మంజూరు సమాచారం, పత్రికల చందా ఉత్తరాలు, వెబ్‌సైట్ల ప్రకటనలు – ఇవి యంత్రాలు పంపేవి. వీటిలో అధిక భాగం మన జవాబు కోసం ఎదురుచూడవు. వీటిని ఫోల్డరులోకి తరలించవచ్చు. ఈ ఒక్క నియమంతోనే ఇన్‌బాక్స్ తేలికపడుతుంది. అయితే ప్లాంటు అలారం, గ్యాసు లీకేజీ, అగ్నిమాపక హెచ్చరిక వంటివి పంపేదీ యంత్రమే. వాటిని మినహాయింపులో తప్పక చేర్చాలి.

2. నేరుగా వచ్చిన దానికీ, నకలుగా వచ్చిన దానికీ తేడా చూపండి. మన పేరు ‘టు’ గడిలో ఉంటే పని మనది. ‘సీసీ’ గడిలో ఉంటే చాలా సందర్భాలలో అది మన తెలివిడి కోసమే. నకళ్ళకు లేత రంగు గుర్తు పెట్టుకుంటే కన్ను ముందుగా అసలు వాటి మీదకు పోతుంది.

3. గడువున్న వాటిని కదిలించవద్దు. టెండరు వివరణలు, ఆడిట్ ప్రశ్నలు, కోర్టు వ్యవహారాలు, సమాచార హక్కు ఉత్తరాలు ఇన్‌బాక్స్‌లోనే ఉండాలి. వీటికి నియమం చేయవలసిన పని ఎర్ర గుర్తు పెట్టడమే. చాలా ఫోన్లలో ఇన్‌బాక్స్‌కు చేరిన ఉత్తరానికే గంట మోగుతుంది. ఫోల్డరులోకి పోయినది చడీచప్పుడు లేకుండా పోతుంది.

4. నియమం చేత ఎన్నడూ ఉత్తరాన్ని తొలగింపజేయవద్దు. కాగితం చింపే అధికారం ఏ తపాలు గుమాస్తాకూ ఎన్నడూ లేదు. యంత్రానికి మాత్రం ఎందుకు ఇవ్వాలి?

5. ప్రతి ఫోల్డరుకూ చదివే వేళ ఒకటి నిర్ణయించుకోండి. ప్రకటనల ఫోల్డరుకు శనివారం, నకళ్ళ ఫోల్డరుకు రోజూ భోజన విరామానికి ముందు – ఇట్లా. చదివే వేళ లేని ఫోల్డరు గూడు కాదు, గొయ్యి. ఫోల్డర్ల సంఖ్య కూడా ఒక్క చూపులో ఇమిడేంతగా ఉంటే మంచిది.

ఎక్కడ తడబడతాయి?

నియమాలు మాటలను చూస్తాయి, అర్థాన్ని చూడవు. ఇంటి అద్దె రసీదుల కోసం ‘రెంట్’ అన్న మాట షరతుగా పెట్టామనుకుందాం. కొన్ని ప్రోగ్రాములు పూర్తి మాటను కాక అక్షరాల వరుసను మాత్రమే పోల్చి చూస్తాయి. అప్పుడు ‘కరెంట్’ బిల్లు కూడా అద్దె ఫోల్డరులోకే పోతుంది. మాటలోపల మాట దాగి ఉండటమే దీనికి కారణం. కనుక మాట మీద ఆధారపడే షరతు కంటె చిరునామా మీద ఆధారపడే షరతు మేలు.

మన వంటి బహుభాషా సంస్థలలో మరొక చిక్కు ఉన్నది. ‘లీవ్’ అన్న ఆంగ్లపదం మీద నియమం పెట్టుకున్న అధికారికి ‘సెలవు’ అని తెలుగులోనో, ‘ఛుట్టీ’ అని హిందీలోనో విషయం రాసి పంపితే ఆ నియమం దానిని గుర్తించదు. అన్ని రూపాలనూ షరతులో చేర్చుకోవాలి. పంపేవారు కూడా విషయపు పంక్తిలో ఫైలు సంఖ్యను రాయడం అలవాటు చేసుకుంటే భాష ఏదైనా విభజన సవ్యంగా సాగుతుంది. ‘ముఖ్యం’, ‘అత్యవసరం’ అని మాత్రమే రాస్తే అవతలివారి యంత్రానికి గానీ, మనిషికి గానీ ఏమీ తెలియదు. పిన్ కోడ్ లేని కవరు వంటిదే అది.

వరుసక్రమం మూడవ విషయం. ఔట్‌లుక్‌లో నియమాలు పై నుంచి కిందకు ఒకదాని తరువాత ఒకటిగా నడుస్తాయి. ఒకే ఉత్తరానికి రెండు మూడు నియమాలు వర్తించవచ్చు. ముఖ్యమైన నియమాన్ని అన్నిటికంటె పైన ఉంచి, ‘స్టాప్ ప్రాసెసింగ్ మోర్ రూల్స్’ అన్నది ఎంచుకుంటే తక్కినవి దాని జోలికి రావు. అంతేకాక కొన్ని నియమాలు సర్వరు మీద పనిచేస్తాయి, కొన్ని మన కంప్యూటరులో ప్రోగ్రాము తెరచి ఉన్నప్పుడే పనిచేస్తాయి. రెండవ రకం నియమం మనం సెలవులో ఉన్నప్పుడు తానూ సెలవులోనే ఉంటుంది.

బదిలీలు మన సంస్థలలో మామూలు. ఒక అధికారి పేరు మీద పెట్టిన నియమం ఆయన బదిలీ అయినా అట్లాగే మిగిలిపోతుంది, కొత్తగా వచ్చినవారి ఉత్తరాలను గుర్తించదు. పేరు మీద కాక హోదా మీద ఉన్న చిరునామాలకు నియమం పెట్టడం శ్రేయస్కరం. హోదా పేరిట ఉన్న మెయిలు పెట్టెను అప్పగించేటప్పుడు ఛార్జి పత్రంలో ఫైళ్ళ జాబితాతో పాటు నియమాల జాబితాను కూడా చేర్చాలని మా సూచన. లేకుంటే కొత్తగా కూర్చున్నవారికి కొన్ని ఉత్తరాలు ఎందుకు కనిపించడం లేదో ఎన్నటికీ తెలియదు.

దొంగ పెట్టే నియమం

ఈ సాధనాన్ని మోసగాళ్ళు కూడా వాడుకుంటున్నారు. ఉద్యోగి సంకేతపదాన్ని దొంగిలించినవాడు మొదట చేసే పనులలో ఒకటి, ఆ మెయిలు పెట్టెలో రహస్యంగా ఒక నియమం పెట్టడం. ‘ఇన్వాయిస్’, ‘పేమెంట్’, ‘బ్యాంక్’ అన్న మాటలున్న ఉత్తరాలను చదివినట్టు గుర్తుపెట్టి, ఎవరూ తెరవని ఫోల్డరులోకి తోయమనో, బయటి చిరునామాకు పంపమనో ఆ నియమం చెబుతుంది. ఆ తరువాత వాడు ఆ ఉద్యోగి పేరుతో ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఈ ఖాతాకు సొమ్ము పంపండి’ అని రాస్తాడు. అవతలివారు అనుమానించి తిరిగి అడిగినా, ఆ ప్రశ్న అసలు ఉద్యోగి కంటబడదు. ఇటువంటి దారిమళ్ళింపు నియమాల గురించి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. 2020 నవంబరులో వ్యాపార సంస్థలను ప్రత్యేకంగా హెచ్చరించింది.

నివారణ కష్టమైనది కాదు. నెలకు ఒకసారి మన నియమాల జాబితాను తెరచి చూసుకోవాలి. మనం పెట్టనిది ఒక్కటి కనిపించినా సంకేతపదం మార్చి, వెంటనే కంప్యూటర్ విభాగానికి తెలియజేయాలి. ఖాతా మార్పు కోరుతూ ఉత్తరం వస్తే, పాత రికార్డులో ఉన్న ఫోను సంఖ్యకు మాట్లాడి నిర్ధారించుకోవాలి. ఆ ఉత్తరంలో ఇచ్చిన సంఖ్యకు కాదు. సొమ్ము పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయక జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు ఫోను చేయాలి. వీలుగా ఉంటుందని సంస్థ ఉత్తరాలను సొంత ఖాతాకు నియమం ద్వారా పంపుకోవడం కూడా మంచిది కాదు. అది సంస్థ తలుపును మనమే తెరచి ఉంచడం వంటిది.

ఇంటి తపాలు

ఇంట్లోనూ ఇదే సమస్య. బ్యాంకు ప్రకటనలు, బీమా వాయిదా, గ్యాసు బుకింగు, పిల్లల పాఠశాల సమాచారం, పరీక్షల ప్రవేశపత్రాలు అన్నీ ఒకే మెయిలు పెట్టెలో చేరుతున్నాయి. దుకాణాల తగ్గింపు ధరల ప్రకటనలను ఒక ఫోల్డరులోకి పంపితే, తక్కినవి స్పష్టంగా కనిపిస్తాయి. పదవీ విరమణ చేసిన మన సోదరులకు నవంబరు నెల ముఖ్యమైనది. ఏటా జీవన ధ్రువపత్రం సమర్పించే కాలం అది. 2014 నవంబరులో ‘జీవన్ ప్రమాణ్’ పథకం వచ్చిన తరువాత దీనిని కంప్యూటర్ ద్వారా కూడా సమర్పించే వీలు కలిగింది. పెన్షను ఇచ్చే బ్యాంకు చిరునామా నుంచి వచ్చే ఉత్తరాలకు నక్షత్రపు గుర్తు పడేటట్టు, అవి ఎన్నడూ స్పామ్‌లోకి పోకుండా ఉండేటట్టు ఒక నియమం పెట్టి ఇవ్వడం ఇంట్లోని పిల్లలు తాతగారికి చేయగల చక్కని సేవ.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన నియమం ‘బ్యాంకు’ అన్న చీటీ తగిలించినంత మాత్రాన ఆ ఉత్తరం బ్యాంకు నుంచే వచ్చిందని అర్థం కాదు. నియమం చూసేది పైన రాసిన పేరును. ఆ పేరును మోసగాడు కూడా రాయగలడు. చీటీ ధ్రువపత్రం కాదు. సంకేతపదం, ఓటీపీ అడిగే ఉత్తరానికి ఏ రంగు గుర్తు ఉన్నా జవాబు ఇవ్వరాదు.

స్పామ్ విభజన మనం పెట్టే నియమాలకు భిన్నమైనది. ఏయే మాటలు చెత్త ఉత్తరాలలో ఎంత తరచుగా వస్తాయో లెక్కించి సంభావ్యతను అంచనా వేసే పద్ధతికి 2002లో పాల్ గ్రాహం రాసిన వ్యాసం వల్ల విశేష ప్రచారం లభించింది. నేటి విధానాలు అంతకంటె ఎంతో ముందుకు పోయినా, అవి చేసేదీ అంచనాయే. అంచనా తప్పవచ్చు. జీమెయిల్‌లో స్పామ్ ఫోల్డరు ఉత్తరాలు 30 రోజుల తరువాత తమంతట తామే తొలగిపోతాయి. కనుక వారానికి ఒకసారి ఆ ఫోల్డరును చూడటం అలవాటు చేసుకోవాలి.

ఈ వారమే ప్రారంభిద్దాం

ఒక్కసారిగా ఇరవై నియమాలు పెట్టుకోనవసరం లేదు. ముందుగా మూడు చాలును. యంత్రాలు పంపేవాటికి ఒక ఫోల్డరు, నకళ్ళకు ఒక రంగు, గడువున్నవాటికి ఒక ఎర్ర గుర్తు. అరగంట పని. మొదటి రెండు వారాలు ప్రతి సాయంత్రం ఫోల్డరును తెరచి, పొరపాటున అందులో పడినది ఏదైనా ఉన్నదేమో చూసి, షరతును సరిదిద్దుకోవాలి. ఆ తరువాత నెలకు ఒకసారి జాబితాను పరిశీలిస్తే సరిపోతుంది. కంప్యూటరు తెలిసిన యువ ఉద్యోగులు తమ సెక్షనులోని పెద్దలకు ఈ మూడు నియమాలు పెట్టి ఇస్తే ఉభయులకూ లాభం. ఏ ఉత్తరం ఆగగలదో, ఏది ఆగలేదో చెప్పగల అనుభవం పెద్దల వద్దనే ఉన్నది.

ప్రతి ఉత్తరం వెనుక ఎవరో ఒకరు జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. బిల్లు కోసం చిన్న సరఫరాదారుడు, పెన్షను సవరణ కోసం పాత సహోద్యోగి, భద్రతా పరికరం కోసం షాపు ఫ్లోరులోని కార్మికుడు. వారి ఉత్తరం ముందుగా మన కంటబడేటట్టు చేయగలిగితే ఈ నియమాల ప్రయోజనం నెరవేరినట్టే. ఆ తరువాత చదవడం, జవాబు రాయడం మన చేతి పని. అది ఎప్పటి వలెనే మనదే.